ఇంటి వెనక టౌన్‌హోమ్‌లు వస్తున్నాయట, ఆపమని సంతకం పెట్టాలా?

ప్రశ్న: సార్, నమస్కారం. మేం డాలస్‌కి ఉత్తరాన, కాలిన్ కౌంటీలో ఉంటున్నాం. 2019లో ఇల్లు కొన్నాం. ఇంటి వెనక పెద్ద ఖాళీ స్థలం ఉంది. కొనేటప్పుడు సేల్స్ ఆఫీసులో "వెనక ఏమీ రాదు" అన్నారు. ఆ వ్యూ కోసం కొంత ఎక్కువ డబ్బు కూడా కట్టాం. పోయిన వారం సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ స్థలం రిటైల్ జోనింగ్‌లో ఉందట, అంటే షాపులు కట్టడానికని సిటీ నిర్ణయించిన స్థలమట. దాన్ని మార్చి మూడంతస్తుల టౌన్‌హోమ్‌లు (గోడకు గోడ ఆనించి వరసగా కట్టే ఇళ్లు) కడతారట. ప్లానింగ్ అండ్ జోనింగ్ కమిషన్ ముందు హియరింగ్ ఉంది. మా కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో ఒకటే గొడవ. ట్రాఫిక్ పెరుగుతుంది, స్కూళ్లు నిండిపోతాయి, రేట్లు పడిపోతాయి, అద్దెకుండేవాళ్లు వచ్చి చేరతారు అంటున్నారు. 20 శాతం సంతకాలు వస్తే చాలు ఆగిపోతుందని ఇల్లిల్లూ తిరుగుతున్నారు. మా ఆయనేమో "మనం హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లం, ఓటు లేదు, మనకెందుకొచ్చిన గొడవ" అంటారు. మేమూ కొన్నేళ్లు అపార్ట్‌మెంట్‌లో అద్దెకున్నవాళ్లమే, ఆ గ్రూపులో మాటలు చదువుతుంటే మనసుకు గుచ్చుకుంటోంది. అలాగని మూడో అంతస్తు కిటికీలు మా పెరట్లోకి చూస్తుంటే ఎలా? మాతోనే ఉంటున్న మా అత్తగారు ఇంకో మాట అంటున్నారు: ఇప్పటికే వానొస్తే వెనక కంచె దగ్గర నీళ్లు నిలుస్తున్నాయి, అటు మట్టి పోసి ఎత్తు చేస్తే మన ఇంటి మీదికే వస్తాయని. ఒకటే టెన్షన్‌గా ఉంది. సంతకం పెట్టమంటారా?
ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీరడిగినదానికి సూటిగా చెబుతాను. ఆ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. హియరింగ్‌కు మాత్రం తప్పకుండా వెళ్లండి, వీలైతే మాట్లాడండి. నేను కొంతకాలం ఒక సిటీ ప్లానింగ్ ఆఫీసులో పనిచేశాను. ఇలాంటి నోటీసులు పంపే పని చేశాను, అవి అందుకున్నవాళ్లు హాల్లో కూర్చుని పడే ఆందోళనా దగ్గర్నుంచి చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట మీవారి సంగతి. ఆ ఉత్తరం మీ ఇంటికే ఎందుకొచ్చిందో ఆయనకు చెప్పండి. టెక్సస్ లోకల్ గవర్నమెంట్ కోడ్ 211వ అధ్యాయం ప్రకారం, జోనింగ్ మారబోయే స్థలానికి 200 అడుగుల లోపు ఆస్తి ఉన్న ప్రతి యజమానికీ సిటీ హియరింగ్‌కు 10 రోజులకు ముందే ఉత్తరం వేయాలి. పన్ను రికార్డులో పేరుందా లేదా అన్నదే అక్కడ లెక్క. మీ పేరు మీద ఇల్లుంది, పన్ను కడుతున్నారు, కాబట్టి ఉత్తరం వచ్చింది. హాలు బయట నింపే కార్డులో పేరు, అడ్రసు, కేసు నంబరు, అనుకూలమా వ్యతిరేకమా అని ఉంటుంది. మీ వీసా ఏమిటని అందులో ఉండదు. ఆయనకు మైకు ముందు నిలబడడం ఇష్టం లేకపోతే ఈమెయిల్ రాయమనండి, అది కూడా కమిషన్ సభ్యులకు ఇచ్చే ఫైల్లో చేరుతుంది. ఓటున్నవాళ్ల మాటకు బరువెక్కువని ఆయన అనుకోవడంలో కొంత నిజముంది, కౌన్సిల్ సభ్యులు ఎన్నికల్లో గెలిచి రావాల్సినవాళ్లే కదా. కానీ జోనింగ్ హియరింగ్‌లో పక్క స్థలం యజమాని చెప్పే ఖచ్చితమైన విషయానికి ఉండే విలువ వేరు. వాళ్లకు తెలియనిది మీకు తెలుసు. మీ కంచె దగ్గర వాన నీళ్లు ఎంతసేపు నిలుస్తాయో ఆ గదిలో మీకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇంట్లో ఆ కవరు ఎక్కడుందో వెతికి మళ్లీ తీయండి. మామూలుగా అందులో ఒక చిన్న మ్యాప్ ఉంటుంది. గీతలు కొట్టిన భాగం మారబోయే స్థలం, దాని చుట్టూ గీసిన గీత 200 అడుగుల హద్దు. కేసు నంబరు, ఆ కేసు చూస్తున్న ప్లానర్ పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. చివర్లో నింపి పంపే ఫారం ఒకటి. ఆ ప్లానర్‌కి ఈ వారమే ఫోన్ చేయండి. సిటీ ఉద్యోగికి ఫోన్ చేయడమంటే మనలో చాలామందికి బెరుకు. నిజానికి ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లకు మర్యాదగా వివరాలడిగే ఇంటివాళ్ల ఫోన్ అంటే ఎంతో ఊరట. స్టాఫ్ రిపోర్ట్ (ఈ కేసు మీద సిటీ ఉద్యోగులు రాసే నివేదిక) ఎప్పుడు వస్తుందో, కాన్సెప్ట్ ప్లాన్ (ఏది ఎక్కడ కడతారో చూపే ముందస్తు నమూనా) ఎక్కడ చూడొచ్చో, డెవలపర్ చుట్టుపక్కలవాళ్లతో సమావేశం పెడుతున్నాడో లేదో అడగండి. సిటీ కాంప్రహెన్సివ్ ప్లాన్‌లో, అంటే ఊరు మొత్తం ముందు ముందు ఎలా పెరగాలో చెప్పే ప్రణాళికలో, ఆ స్థలాన్ని భవిష్యత్తులో దేనికోసం చూపించారో కూడా అడగండి. జోనింగ్ ఆ ప్లాన్‌కు అనుగుణంగా ఉండాలని రాష్ట్ర చట్టం చెబుతుంది. అందుకే కమిషన్ సభ్యులు మొట్టమొదట చూసేది అదే.

ఈ కమిషన్ సభ్యులంటే జడ్జీలు కారు. సిటీ కౌన్సిల్ నియమించిన ఊరివాళ్లు. పగలంతా ఎవరి ఉద్యోగం వాళ్లు చేసుకుని సాయంత్రం వచ్చి కూర్చుంటారు. వాళ్లు చేసేది సిఫారసు, తుది నిర్ణయం కౌన్సిల్‌ది. అలాగని దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కమిషన్ వద్దన్నదాన్ని ఆమోదించాలంటే కౌన్సిల్లో నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలని నియమం పెట్టుకునే వీలును చట్టం సిటీలకు ఇచ్చింది. పైగా షరతులు పుట్టేది ఇక్కడే. కౌన్సిల్ దాకా వెళ్లేసరికి డ్రాయింగులు దాదాపు ఖాయమైపోతాయి, అప్పుడు అడిగితే ఆలస్యం.

ఇక అసలు విషయం. మీ గ్రూపులో అందరూ ఆ టౌన్‌హోమ్‌లను ఇప్పుడున్న పచ్చగడ్డితో పోల్చుకుంటున్నారు. కమిషన్ మాత్రం ఇప్పుడున్న జోనింగ్‌తో పోలుస్తుంది. మీరూ అలాగే పోల్చాలి. అది ఖాళీగా ఉన్నది యజమాని ఇంకా కట్టలేదు గనక, చట్టం కట్టొద్దంది గనక కాదు. రిటైల్ జోనింగ్ ఉన్నచోట రేపు షాపుల వరస కట్టాలంటే రీజోనింగ్ అక్కర్లేదు, మీకు ఇలాంటి ఉత్తరం రాదు, హియరింగ్ ఉండదు. సైట్ ప్లాన్ నిబంధనల ప్రకారం ఉంటే అనుమతి ఇచ్చి తీరాలి. షాపుల వెనక భాగం అంటే మీ కంచె వైపే. చెత్త డబ్బాలు ఎత్తే లారీలు తెల్లారకముందే రావడం, సరుకు దింపే ట్రక్కుల రివర్స్ బీప్, రాత్రంతా వెలిగే పార్కింగ్ దీపాలు. మీ ఊళ్లో రిటైల్ జోన్‌లో ఏమేం కట్టొచ్చో చెప్పే పట్టిక సిటీ వెబ్‌సైట్లో ఉంటుంది. గ్యాస్ స్టేషన్, డ్రైవ్ త్రూ అందులో ఉన్నాయేమో చూడండి. చూశాక టౌన్‌హోమ్‌ల మీద మీ అభిప్రాయం మారినా మారొచ్చు.

సేల్స్ ఆఫీసువాళ్లు అన్న మాట గురించి మీ బాధ న్యాయమైనదే. ఆ డబ్బు కష్టపడి సంపాదించి కట్టింది మీరు. కాకపోతే నోటిమాటను కమిషన్ లెక్కలోకి తీసుకోదు, తీసుకోలేదు కూడా. కొనుగోలు కాంట్రాక్టులో రాతపూర్వకంగా ఏదైనా ఉంటే లాయర్‌ని కలవండి. అది వేరే దారి.

ఇంకో పెద్ద సంగతి ఉంది, మీ గ్రూపులో ఎవరికీ తెలిసినట్టు లేదు. 2025లో టెక్సస్ శాసనసభ సెనేట్ బిల్ 840 అనే చట్టం చేసింది, సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. 3 లక్షలకు మించిన జనాభా ఉన్న కౌంటీలో, 1.5 లక్షలకు మించిన జనాభా ఉన్న సిటీ అయితే, ఆఫీసులకు, షాపులకు, గోదాములకు జోన్ చేసిన స్థలాల్లో అపార్ట్‌మెంట్లు కట్టడానికి రీజోనింగ్ అక్కర్లేదు. ఎకరానికి కనీసం 36 ఇళ్ల వరకు కట్టుకోనివ్వాలి. ఎత్తు పరిమితి 45 అడుగులకంటే తక్కువ పెట్టకూడదు. ఒక్కో ఇంటికి ఒక పార్కింగ్ కంటే ఎక్కువ అడగకూడదు. భారీ పరిశ్రమల పక్కన, విమానాశ్రయాల పక్కన ఉన్న స్థలాల్లాంటి మినహాయింపులు కొన్నున్నాయి. కాలిన్ కౌంటీలో ప్లానో, ఫ్రిస్కో, మెకిన్నీ మూడూ ఆ జనాభా దాటిన ఊళ్లే. మీరు ఊరి పేరు రాయలేదు. వాటిలో ఒకటైతే మాత్రం ఒక్కసారి ఆలోచించండి. ఈ రీజోనింగ్‌ని మీరంతా కలిసి ఓడించారనుకోండి, ఆ యజమాని గడ్డి పెంచుకుంటూ కూర్చోడు కదా. ఇప్పుడున్న రిటైల్ జోనింగ్ మీదే, మీలో ఒక్కరినీ అడగకుండా, ఇంతకంటే ఎక్కువ ఇళ్లతో అపార్ట్‌మెంట్ కట్టుకునే అవకాశం అతనికి ఉండవచ్చు. అప్పుడు షరతులు అడగడానికి హియరింగే ఉండదు. ప్లానర్‌ని అడగాల్సిన ప్రశ్నల్లో దీన్ని మొదట రాసుకోండి: "ఈ స్థలానికి 840 వర్తిస్తుందా?"

20 శాతం సంతకాల మాట కూడా పాతబడింది. ఇదివరకు 200 అడుగుల లోపు ఉన్న భూమిలో 20 శాతానికి యజమానులైనవాళ్లు రాతపూర్వకంగా వ్యతిరేకిస్తే, కౌన్సిల్లో నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకుంటే తప్ప మార్పు జరిగేది కాదు. ఏడుగురున్న కౌన్సిల్లో అంటే ఆరు ఓట్లు. ఆ ఒక్క నిబంధనతో ఎన్నో ప్రాజెక్టులు ఆగాయి. 2025లోనే వచ్చిన హౌస్ బిల్ 24 దీన్ని మార్చేసింది. ఇప్పుడున్నదానికంటే ఎక్కువ ఇళ్లు కట్టనిచ్చే మార్పు అయితే, కొత్తగా వ్యాపారాలను తెచ్చిపెట్టకపోతే, చుట్టుపక్కల భూమిలో 60 శాతం యజమానులు సంతకం పెట్టాలి. అంతమంది పెట్టినా కౌన్సిల్ సభ్యుల్లో మామూలు మెజారిటీ చాలు, ఏడుగురిలో నలుగురు. మీ దగ్గర జరుగుతున్నది సరిగ్గా ఇలాంటి మార్పే అనిపిస్తోంది. ఇక్కడ శాతం లెక్కగట్టేది భూమి విస్తీర్ణం మీద, మనుషుల తలల మీద కాదు. 200 అడుగుల అవతల ఉన్న ఇళ్లవాళ్లు ఎన్ని సంతకాలు పెట్టినా ఆ లెక్కలోకి రావు. కాబట్టి ఇల్లిల్లూ తిరుగుతున్నవాళ్లు పాత నిబంధన పట్టుకుని తిరుగుతున్నారు. ఇది మీరు గ్రూపులో మర్యాదగా ఒక్క మెసేజ్ పెట్టి చెప్పొచ్చు. చెబితే మీరు డెవలపర్ మనిషి అంటారేమోనని భయమైతే, మీకు బాగా పరిచయమున్న ఇద్దరు ముగ్గురికి ఫోన్లో చెప్పండి, చాలు.

ట్రాఫిక్ గురించి రెండు అంకెలు. ఇక్కడి ట్రాఫిక్ ఇంజినీర్లందరూ వాడేది ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజినీర్స్ లెక్కలు. వాటి ప్రకారం మీలాంటి విడి ఇల్లు ఒక్కోదానికీ రోజుకు సగటున 9.4 ట్రిప్పులు. టౌన్‌హోమ్‌కి 7.2. షాపు కూడా ఉన్న గ్యాస్ స్టేషన్ అయితే పెట్రోల్ పోసుకునే ఒక్కో చోటికీ రోజుకు 200కు పైనే. అందువల్ల "ట్రాఫిక్ పెరుగుతుంది" అని ఊరికే అంటే కమిషన్ సభ్యులు తలాడించి ఊరుకుంటారు. "మా వీధి ఇప్పుడు డెడ్ ఎండ్, కొత్త ప్లాన్‌లో దాన్ని తెరుస్తున్నారు, అక్కడ పిల్లలు సైకిళ్లు తొక్కుతారు" అంటే పెన్ను తీసి రాసుకుంటారు.

స్కూళ్ల సంగతి సిటీ చేతిలో లేదు, ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్ వేరే సంస్థ. స్కూళ్లు నిండిపోతాయని అందరూ అనుకుంటారు గానీ, పిల్లలు తగ్గిపోయి ప్లానో ఐఎస్‌డీ నాలుగు స్కూళ్లు మూసేయాలని 2024లో నిర్ణయించింది. మీ డిస్ట్రిక్ట్ అంకెలు చూడకుండా ఆ మాట ఎత్తకండి.

మీ మనసుకు గుచ్చుకున్న మాట దగ్గరికి వస్తాను. ఉత్తరంలో అది మీరు ఒక వాక్యంలో రాసి వదిలేశారు, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యం అదే. అమెరికాలో జోనింగ్‌కి రాజ్యాంగబద్ధత తెచ్చిన తీర్పు 1926 నాటిది. ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ పక్కన యూక్లిడ్ అనే ఊరు. అక్కడ 68 ఎకరాలున్న ఆంబ్లర్ రియల్టీ అనే కంపెనీ జోనింగ్ వల్ల తన భూమి విలువ పోయిందని కోర్టుకెక్కింది. సుప్రీంకోర్టు ఊరి పక్షాన తీర్పిచ్చింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ జార్జ్ సదర్లాండ్, విడి ఇళ్ల మధ్య వచ్చే అపార్ట్‌మెంట్‌ని పరాన్నజీవి అన్నారు. అంతకు మూడేళ్ల ముందు, 1923లో, భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవాళ్లు కారు కనుక అమెరికా పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు రాసిందీ ఆయనే. మళ్లీ మనవాళ్లకు పౌరసత్వం తీసుకునే దారి 1946లో గాని తెరుచుకోలేదు. ఇక్కడెవరు ఉండాలి, ఎవరు ఉండకూడదు అన్న ప్రశ్న జోనింగ్ వెనక మొదటినుంచీ ఉంది. "అద్దెకుండేవాళ్లు వస్తారు" అనేది ఆ పాత ప్రశ్నే. మనం దాన్ని నోట పలకకూడదు.

ఇది పాత చరిత్ర అనుకోవడానికీ లేదు. కాలిఫోర్నియాలో యూబా సిటీ దగ్గర సిక్కులు గురుద్వారా కట్టుకుందామని రెండు ఎకరాల లోపు స్థలం చూసుకున్నారు. చప్పుడు, ట్రాఫిక్ అని చుట్టుపక్కలవాళ్లు అడ్డం పడ్డారు, అనుమతి రాలేదు. సరేనని ఊరి బయట పొలాల్లో 28 ఎకరాలకు పైగా కొన్నారు. ఈసారి ప్లానింగ్ కమిషన్ 4-3 ఓట్లతో ఒప్పుకుంది. కౌంటీ బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ దాన్ని 4-0తో కొట్టేసింది. చివరికి 2006లో తొమ్మిదో సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టులో సిక్కులు గెలిచారు. మతసంస్థల భూ వినియోగాన్ని కాపాడే 2000 నాటి ఫెడరల్ చట్టం వాళ్లకు అండగా నిలిచింది. రేపు మీ ఊళ్లో మన గుడికి పార్కింగ్ పెంచుకోవాలన్నా, ఎవరైనా ఇంట్లో డేకేర్ పెట్టుకోవాలన్నా, ఇదే కమిషన్ ముందు, ఇదే పొరుగువాళ్ల ముందు నిలబడాలి. ఆ రోజు మన గురించి వాళ్లు ఏ మాటలు అనకూడదని కోరుకుంటామో, ఇవాళ ఆ మాటలు మనం అనొద్దు.

మనుషుల సంగతి వదిలి కట్టడం గురించి మాట్లాడండి. అక్కడ మీకు అడగాల్సినవి నిజంగా చాలా ఉన్నాయి, వాటిలో మీ అత్తగారు చెప్పింది అన్నిటికంటే బలమైనది. కాలిన్ కౌంటీ నేల మన నల్లరేగడి లాంటిదే. వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్లిస్తుంది. ఇళ్ల ఫౌండేషన్లు కదిలేది అందుకే. గోడల్లో పగుళ్లు, బిగుసుకుపోయే తలుపులు ఈ చుట్టుపక్కల ఎవరిని అడిగినా చెబుతారు. గడ్డి పీల్చుకునే నీటిని రేపు తారు, కాంక్రీటు పీల్చవు. ఒకరి స్థలంలోని వాననీటి సహజ ప్రవాహాన్ని ఇంకొకరికి నష్టం కలిగేలా మళ్లించకూడదని టెక్సస్ వాటర్ కోడ్ 11.086 సెక్షన్ చెబుతోంది. సిటీకి సొంత డ్రైనేజీ నిబంధనలు కూడా ఉంటాయి. కాబట్టి వచ్చే వానకు మీరు చేయాల్సింది ఒకటుంది. కంచె దగ్గర నీళ్లు నిలిచినప్పుడు ఫోన్‌తో ఫొటోలు తీయండి. ఒక కర్ర నిలబెట్టి ఎంత లోతుందో కనిపించేలా తీయండి. వాన ఆగాక కొన్ని గంటలకు మళ్లీ తీయండి. తేదీ, టైము ఫోన్‌లో ఎలాగూ ఉంటాయి. వాటిని ప్లానర్‌కి పంపి, అవి సిటీ ఇంజినీర్‌కి కూడా చేర్చమని అడగండి. అక్కడ నేల ఎత్తు ఎంత పెంచుతారు, మీ కంచెకూ వాళ్ల గోడకూ మధ్య నీళ్లు ఎటు పారతాయి, డిటెన్షన్ పాండ్ (వాననీటిని కాసేపు ఆపి మెల్లగా వదిలే గుంట) ఎక్కడ, దాన్ని శుభ్రం చేసే బాధ్యత ఎవరిది అని రాతలో అడగండి.

కిటికీల విషయం కూడా తీరే సమస్యే. మీ కంచె వైపు వరసను రెండంతస్తులకే పరిమితం చేయమని, మూడంతస్తులవి లోపలికి జరపమని అడగొచ్చు. వెనక సెట్‌బ్యాక్, అంటే హద్దుకూ కట్టడానికీ మధ్య వదలాల్సిన జాగా, పెంచమనొచ్చు. కంచె పొడవునా ఏడాదంతా పచ్చగా ఉండే చెట్లు, నాటినప్పుడే ఇంత ఎత్తు ఉండాలని చెప్పి మరీ పెట్టించొచ్చు. రాతిగోడ, దీపాలు కిందికే వెలుగు పడేలా బిగించడం, చెత్త డబ్బాలు మీ వైపు కాకుండా రోడ్డు వైపు పెట్టడం. ఇవన్నీ నేను చూసిన కేసుల్లో డెవలపర్లు ఒప్పుకున్నవే. హియరింగ్‌కు ముందే డెవలపర్ తరఫు మనిషితో మాట్లాడితే ఇంకా సులువు, ఎందుకంటే ఓటింగ్ రోజు హాల్లో కోపంగా ఉన్న జనం కనబడడం అతనికీ ఇష్టముండదు.

సిటీ చేయలేనివి కొన్నున్నాయి, వాటి మీద హియరింగ్‌లో మీకిచ్చే కాస్త సమయం వృథా చేసుకోకండి. ఇటుకతోనే కట్టాలని అడిగితే, 2019 నుంచి టెక్సస్‌లో సిటీలు నిర్మాణ సామగ్రి మీద అలాంటి ఆంక్షలు పెట్టే వీలు చాలావరకు పోయింది. అమ్మకానికే కట్టాలి, అద్దెకు ఇవ్వకూడదు అంటే, జోనింగ్ చూసేది అక్కడ ఏం కడతారన్నదే, ఎవరి పేరు మీద ఉందన్నది కాదు.

డెవలపర్ ఏది ఒప్పుకున్నా అది ప్లాన్డ్ డెవలప్‌మెంట్ ఆర్డినెన్స్‌లో అక్షరాలా ఉందో లేదో చూసుకోండి. ఇలాంటి ప్రాజెక్టులకు సాధారణంగా ఆ పద్ధతిలోనే జోనింగ్ ఇస్తారు, ఆ స్థలానికి ప్రత్యేకంగా రాసిన నిబంధనలతో. స్క్రీన్ మీద చూపించిన అందమైన బొమ్మ నిబంధన కాదు. ఆర్డినెన్స్‌కు జతచేసిన ప్లాన్, అందులో రాసిన అంకెలు నిబంధనలు. రేపు ఈ డెవలపర్ భూమి ఇంకొకరికి అమ్మేసినా నిలబడేవి అవే. "చెట్లు పెడతాం సార్" అని మైకులో అన్న మాట అమ్మకంతోపాటే పోతుంది. సేల్స్ ఆఫీసు మాట ఏమైందో మీరు చూశారు కదా.

మాట్లాడటానికి చాలా ఊళ్లలో మూడు నిమిషాలిస్తారు. మైకు ముందు పచ్చ, పసుపు, ఎరుపు లైట్లు ఉంటాయి. కాగితం మీద రాసుకుని వెళ్లండి, చూసి చదివినా ఎవరూ ఏమీ అనుకోరు. ఇలా మొదలుపెట్టొచ్చు: "నా పేరు ఫలానా, ఈ స్థలానికి ఆనుకుని ఉన్న ఇల్లు మాది. ఇక్కడ ఇళ్లు రావడానికి నేను వ్యతిరేకం కాదు. మేం కూడా ఈ ఊరికి అద్దెకే వచ్చాం. కానీ ఈ ప్లాన్‌లో మూడు విషయాలు సరిచేయాలి." తర్వాత నీళ్లు, వెనక వరస ఎత్తు, చెట్లు. ఒక్కోదానికి ఒక ఫొటో లేదా ఒక అంకె. మీ ముందు పదిమంది కోపంగా మాట్లాడి ఉంటారు. పదకొండో మనిషి ఏం సరిచేయాలో వివరంగా చెబితే సభ్యులు కుర్చీలో ముందుకు జరిగి వినడం నేను చూశాను.

మీ అత్తగారు రోజూ ఆ కంచె పక్కనే తిరిగే మనిషి అయితే, కౌన్సిల్ హియరింగ్‌లో ఆవిడే తెలుగులో చెప్పొచ్చు. దుబాసీ సాయంతో మాట్లాడేవాళ్లకు మామూలుగా ఇచ్చేదానికంటే కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలని టెక్సస్ ఓపెన్ మీటింగ్స్ చట్టంలో ఉంది. అనువాదం మీరు చేయొచ్చో, సిటీయే ఎవరినైనా ఏర్పాటు చేస్తుందో సిటీ సెక్రటరీ ఆఫీసుకు ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

సంతకం కాగితం గురించి చివరిగా. స్టాఫ్ రిపోర్ట్ చదివి, డెవలపర్ జవాబు విన్నాక అప్పుడు నిర్ణయించుకోండి. నీళ్ల సంగతి, మీ వైపు వరస ఎత్తు సంగతి అతను పట్టించుకోకపోతే సిటీ పంపిన ఫారంలోనే "వ్యతిరేకం" దగ్గర టిక్ పెట్టి, కింద ఈ రెండు కారణాలూ రాసి పంపండి. ఒప్పుకుంటే "షరతులతో అనుకూలం" అని రాయండి. ఫారంలో ఆ గడి లేకపోయినా పక్కన చేత్తో రాయొచ్చు. కమిషన్ ఓటేసిన రాత్రే కౌన్సిల్ తేదీ ఎప్పుడో అడిగి క్యాలెండర్‌లో వేసుకోండి. ఆ రోజు మరో హియరింగ్ ఉంటుంది, తుది ఓటు అక్కడే.